సోమవారానికి పల్చటి అద్దాలు

ఆ రోజు ఇంట్లో అమ్మ ఉంది, బామ్మ ఉంది, వదిన ఉంది, బుల్లి ఉంది. అన్నయ్య కూడా ఉన్నట్టే. కాకపోతే దుప్పటి ముసుగులో ఉన్నాడు.

"ఈ అద్దాలతో పంపితే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు" అంది అమ్మ.

"అదేం చోద్యం! కళ్లజోళ్ల కొట్టులో పనికి కళ్లజోడున్న పిల్ల పనికిరాదా?" అంది బామ్మ.

"కళ్లజోడు వేరు, సోడాబుడ్లు వేరు బామ్మగారూ. కౌంటర్లో ఇవి పెట్టుకుని నిలబడిందంటే, కొనడానికొచ్చినవాళ్లు కూడా ఉన్న కళ్లు చాలనుకుని వెళ్లిపోతారు" అంది వదిన.

అమ్మా బామ్మా నవ్వారు. దుప్పటి కూడా కదిలి కదిలి నవ్వింది. బుల్లి మాత్రం గోరు కొరుక్కుంటూ కూర్చుంది.

వీధి చివర కొత్తగా కళ్లజోళ్ల దుకాణం పెడుతున్నాయన ముందురోజు సాయంత్రం అమ్మని రోడ్డు మీద ఆపాడు. "సోమవారం తెరుస్తున్నామండీ. మా కౌంటర్ దగ్గర నిలబడటానికి మీ అమ్మాయైతే సరిగ్గా సరిపోతుంది. పంపించండి" అని అడిగాడు. పక్కింట్లో చలాకీగా మాట్లాడే పిల్లలు ఇద్దరుండగా బుల్లినే అడిగాడు. ఎవరైనా తనను కావాలని పిలవడం బుల్లికి అదే మొదటిసారి.

"దూరం నుంచి చూసుంటాడు. దగ్గరగా చూస్తే వద్దంటాడు" అని గొణిగింది.

"అయితే సోమవారంలోపు అద్దాలు మార్చేద్దాం. లే, చెప్పులేసుకో" అంది వదిన.

"పల్చటి అద్దాలంటే మాటలా?" అంటూనే అమ్మ బీరువా తలుపు తీసింది. బామ్మ గదిలోకి ఫ్యాను కొనాలని దాచిన డబ్బు అది.

"తీసుకెళ్లండే. నాకు విసనకర్ర ఉందిగా. ఫ్యాను సంగతి వచ్చే ఏడు చూద్దాం" అంది బామ్మ.

వదినా బుల్లీ బజార్లో ముందు పెద్ద షాపుకి వెళ్లారు. అక్కడి కుర్చీలు చూసే వదిన సగం నీరుగారిపోయింది. ధర విన్నాక, "రెండు కళ్లకీ కలిపేనా?" అని అడిగింది.

"ఒక్కో కంటికండీ."

"ఇంటికెళ్లి ఏ కంటికో తేల్చుకుని వస్తాం" అని బుల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగేసింది.

వెనక సందులో ఇంకో కొట్టు ఉంది. మనిషి అడ్డంగా తిరిగితే నిండిపోయేంత కొట్టు. లోపలున్న ముసలాయన బుల్లి కళ్లజోడు తీసుకుని వెలుతురులో పెట్టి, అంచు తడిమి చూశాడు.

"ఈ పవర్‌కి ఇంత పెద్ద ఫ్రేము ఎవరమ్మా పెట్టింది? దీనికి మధ్యలో పల్చన, అంచులు మందం. ఫ్రేము పెద్దదైతే అంచంతా అలాగే మిగిలిపోతుంది. చిన్నది తీసుకో, మందమంతా కోతలో పోతుంది. కాస్త మంచి రకం అద్దం వేస్తాను. మరీ ఖరీదుది అక్కర్లేదు."

ట్రేలో చిన్న ఫ్రేములు పరిచాడు. ఇక్కడే వచ్చింది తంటా. కొత్తది పెట్టుకోవాలంటే పాతది తీయాలి. పాతది తీస్తే అద్దంలో బుల్లికి కనిపించేది ముఖం కాదు, చామనఛాయ మబ్బు.

"వదినా, ఇదెలా ఉంది?"

"లెక్కల మాస్టారిలా ఉన్నావు."

"ఇది?"

"దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లిలా ఉన్నావు."

"ఆటలొద్దు వదినా. నాకు కనబడదు. నువ్వేది చెబితే అదే నా ముఖం."

వదిన నవ్వు ఆపేసింది. బుల్లి గడ్డం పట్టుకుని ముఖాన్ని వీధివైపు తిప్పింది. ఒక్కో ఫ్రేమూ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి గుండ్రటిది ఒకటి ఉంచేసింది.

"ఇదే. మారుమాట్లాడకు."

ఆదివారం సాయంత్రానికి కళ్లజోడు చేతికొచ్చింది. ఇంట్లో అడుగుపెట్టగానే బామ్మ దగ్గరకు లాక్కుని చూసి, "దీనికి ఇంతింత కళ్లున్నాయటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచింది?" అంది. అన్నయ్య దుప్పటి తీసి మరీ చూశాడు. "వదినా మరదళ్లు వెళ్లి ఎవరి పిల్లనో తోలుకొచ్చారే" అన్నాడు. అమ్మ ఇస్త్రీపెట్టె వేడి చేసి, పొద్దుటికి బట్టలు సిద్ధం చేసింది.

సోమవారం ఉదయం కొత్త దుకాణం ముందు బెలూన్లు, జనం, కెమెరా మెడలో వేసుకున్న ఒక మనిషి. యజమాని గాజు తలుపు సగం తెరిచి పట్టుకుని వీధి వైపే చూస్తున్నాడు. బుల్లి దారంతా కూడబలుక్కున్న మాట గబగబా చెప్పేసింది.

"నమస్కారమండీ. మా అమ్మతో చెప్పారట, నన్ను రమ్మని."

ఆయన ఆమెను చూసి, కాసేపు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక ముఖం వాడిపోయింది.

"నీ పాత అద్దాలేవమ్మా?"

"మార్పించానండీ" అంది బుల్లి, మొదటిసారి తలెత్తి.

"ఎక్కడ?"

"వెనక సందులో."

"ఈ అమ్మాయేనా సార్? తియ్యమంటారా ఫొటో?" అన్నాడు కెమెరా మనిషి.

"ఇంకేం తీస్తావు!" అని అతన్ని కసిరి, ఆయన బుల్లి వైపు తిరిగాడు. "ఆ సోడాబుడ్లతో లోపలికొచ్చి, ఇంతమంది చూస్తుండగా మేమిచ్చే పల్చటి అద్దాలతో బయటికెళతావనే కదమ్మా నిన్ను రమ్మన్నది" అంటూ తలుపు మూసేశాడు.