నూట పన్నెండో పేజీలో వాన

“పిల్లలు ఎదిగే కథలతో వచ్చిన నవలలు ఎన్ని చూడలేదు గురువుగారూ! అన్నిట్లోనూ దోషి ఒకడే, కన్నతండ్రి,” అంటూ ప్రెస్సు యజమాని ప్రూఫుల కట్టను బల్ల మీద పడేశాడు. “ఈసారి రాసింది మీ అమ్మాయి. గుండె దిటవు చేసుకుని చదవండి.”

ప్రూఫ్ రీడరు నవ్వాడు గానీ కట్ట విప్పడానికి వెనకాడాడు.

ముప్పై ఏళ్లుగా ఆయన ఎర్ర పెన్ను కన్నుగప్పి ఒక్క తప్పూ బయటికి పోలేదు. తను చేసిన తప్పు మాత్రం గుండెల్లోనే ఉండిపోయింది. కూతురికి అప్పుడు పదిహేనేళ్లు. వేసవి సెలవులకి అత్తయ్య ఇంటికి వెళ్లింది. ఇక్కడ ఫలితాలు చూస్తే లెక్కల్లో తప్పింది. ఒళ్లు మండి, అది కథలు రాసుకునే నోటుబుక్కును పొయ్యిలో పెట్టేశాడు. తిరిగొచ్చి అడిగితే, “డాబా మీద వదిలేసి పోయావు కదే, వానకి నానిపోయింది,” అన్నాడు.

ఇప్పుడు అదంతా అచ్చులో ఊరందరూ చదువుతారు.

నూట పన్నెండో పేజీ రానే వచ్చింది. “నా నోటుబుక్కు వానకి నానిపోయింది. నాన్న పేజీ పేజీ విడదీసి ఆరబెట్టి చూశాడు. అక్షరాలు దక్కలేదు.”

ఆయన రెండుసార్లు చదివాడు. గుండెల మీది బండ దిగినట్టయింది. పిచ్చిపిల్ల, నమ్మేసింది!

అంతలోనే వృత్తి అడ్డొచ్చింది. నూట తొమ్మిదో పేజీలో కూతురే రాసింది: “ఆ వేసవంతా చినుకు రాలలేదు. పక్కింటి నుయ్యి కూడా ఎండిపోయింది.” చినుకే లేనప్పుడు వాన ఎక్కడిది? ఎర్ర పెన్ను పైకి లేచింది. గీత గీస్తే కూతురు ఆలోచనలో పడుతుంది, పాత అబద్ధం బయటపడుతుంది. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు.

సాయంత్రం కూతురు వచ్చింది.

“ఎన్ని తప్పులు నాన్నా?”

“నలభై రెండు. అన్నీ దిద్దేశాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆమె వెతుక్కోకుండా నూట పన్నెండో పేజీ తీసింది. అంచున ఎర్ర గీత లేదు. కాసేపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

“చూసి కూడా వదిలేశావు కదూ?”

ఆయన తలెత్తలేకపోయాడు. కూతురు మాత్రం నవ్వుతూనే ఉంది.

“ఆ వాన నీ కోసమే కురిపించాను నాన్నా.”