అద్దమా, చెక్కా

"అద్దం టేబులైతే తుడవడం తేలిక," అంది భార్య.

అయిపోయింది, అనుకున్నాడు అతను. ఆవిడ నోట "తేలిక" అన్న మాట వచ్చాక ఆ వస్తువు ఇంట్లోకి రాకుండా ఆగిన దాఖలా లేదు.

వడ్రంగి హాలు మధ్యలో గొంతుకూర్చుని టేపు లాగుతున్నాడు. సోఫా అప్పటికే గోడకి జరిగింది. టీవీ పడగ్గదిలోకి పోయింది. ఇంత హడావిడీ ఒక ఆట కోసం.

ఆ ఆట పేరెత్తితేనే ఒకప్పుడు ఆవిడకి ఒళ్లు మండేది. మీసాలొచ్చిన మగవాళ్లు నేను దొంగ, నువ్వు మాంత్రికుడు అనుకుంటూ ఆదివారం పొద్దంతా పాచికలు వేసుకోవడమేమిటని. "ఆ గోల నా గడప తొక్కడానికి వీల్లేదు," అని పెళ్లయిన కొత్తలోనే తేల్చిపారేసింది. అందుకే ఇన్నేళ్లూ ఆట అతని స్నేహితుడు లెక్కల మాస్టారి మేడ మీద గదిలో, ఓ కుంటి బల్ల మీద సాగింది. కథ నడిపేది ఎప్పుడూ అతనే. రాజ్యాలూ రాక్షసులూ కుట్రలూ అతని బుర్రలోంచి పుట్టాల్సిందే. మిగతావాళ్ల పని ఆ కథలో తలో పాత్రా అయి, పాచిక వేసి బతకడమో, చావడమో.

అలాంటిది, ఇప్పుడు ఆవిడే మాస్టారికి ఫోన్ చేసి, "ఇకమీదట మీ ఆట మా ఇంట్లోనే అన్నయ్యా. టేబుల్ నేను చేయిస్తాను," అంది. అతన్ని మాటవరసకైనా అడగలేదు.

కిటికీ పక్కన కూర్చుని అతను అంతా చూస్తున్నాడు.

వడ్రంగి తన ఫోన్‌లో రెండు ఫోటోలు చూపించాడు. ఒకటి గుండ్రటి అద్దం టేబుల్. రెండోది చెక్కది. చుట్టూ బొటనవేలంత ఎత్తున అంచు, లోపల మెత్తటి ఆకుపచ్చ గుడ్డ.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇదే! ఆఫీసులో పని లేని మధ్యాహ్నాల్లో మనసులో ఎన్నిసార్లు చేయించుకున్నాడో ఈ టేబుల్‌ని. అంచు ఉంటే పాచిక దొర్లి సోఫా కిందికి పోదు. గుడ్డ ఉంటే చప్పుడు కాదు. అదే అద్దం మీదైతే స్టీలు పళ్లెంలో గులకరాళ్లు పోసినట్టే.

"ఆ గుడ్డ మీద కాఫీ ఒలికితే?" అంది భార్య.

"మరక పోదమ్మా," అన్నాడు వడ్రంగి.

నీ నిజాయితీ తగలెయ్య, ఇప్పుడే గుర్తొచ్చిందా, అని లోలోపల ఉడికిపోయాడు అతను.

వడ్రంగి అతని వైపు తిరిగాడు. "సార్‌ని కూడా ఓ మాట అడిగితే..."

"ఆయన్నేం అడుగుతావు? నాతో చెప్పు."

వడ్రంగి నాలుక కరుచుకుని మళ్లీ టేపు అందుకున్నాడు.

"ఎత్తు మామూలు కంటే నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టు. కిటికీ వైపు టేబుల్ కాళ్లు అడ్డం రాకూడదు," అంది ఆవిడ.

ఆ కొలతలు ఎవరి కోసమో అతనికి తెలుసు. తన చోటు తనకి ఉంచుతున్నందుకు సంతోషించాలో ఏడవాలో మాత్రం తెలియలేదు.

ఇంతలో మాస్టారు వచ్చాడు. సోఫా చేతి మీద కూలబడి, "కథ వీడు ఆపిన చోటి నుంచి నేను నడుపుతాను చెల్లెమ్మా," అన్నాడు. "శత్రువులకి కోట తలుపు తీసింది రాణే అని తేల్చేస్తాను. అందరి అనుమానం ఆవిడ మీదే."

రాణి కాదురా తలమాసినవాడా!

తలుపు తీసింది వంటవాడు. ఎవరికీ అనుమానం రాకుండా, ఎన్ని ఆదివారాలు వాడి చేత నవ్వుతూ వడ్డన చేయించాడు తను! పాపం, ఆ రాణికి ఏ పాపమూ తెలియదు. ఆ సంగతి ఈ భూమ్మీద తెలిసింది తనొక్కడికే. మాట గొంతు దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడే ఆగిపోయింది.

భార్య దగ్గరికొచ్చి అతని కాలరు సర్దింది. "ఎండ కొడుతున్నట్టుంది," అంటూ తెర లాగేసి వెళ్లింది. ఆ కాస్త ఎండే అతనికి హాయిగా ఉండింది.

"సరే, అద్దందే ఖాయం చెయ్యి," అంది వడ్రంగితో.

వడ్రంగి టేపు చుట్టేశాడు. అయిదారుగురు మనుషులు, ఆ అద్దం, ఆ చప్పుడు, ఆ తప్పుడు కథ. ప్రతి ఆదివారం తను ఇక్కడే కూర్చుని అదంతా వినాలి.

"ఒక్క నిమిషం," అన్నాడు మాస్టారు. "వీడికి అద్దం టేబులంటే చిరాకు చెల్లెమ్మా. హోటల్లో కూడా దాని దగ్గర కూర్చునేవాడు కాదు." వడ్రంగి ఫోన్ తీసుకుని, వచ్చి అతని ముందు కూర్చున్నాడు. "ఏరా, నువ్వే చెప్పు. ఏది కావాలి?"

"ఎందుకన్నయ్యా," అంది భార్య, మొహం అటు తిప్పుకుని.

మాస్టారు వినిపించుకోలేదు.

తననొక ప్రశ్న అడిగి ఎన్నాళ్లయిందో! అతను ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు.

"అద్దమా?" మాస్టారు ఒక ఫోటో చూపించి కాసేపు ఆగాడు. తర్వాత వేలితో పక్కకి జరిపాడు. "చెక్కా?"

ప్రమాదం తర్వాత, ఈయనకిక ఏదీ తెలియదని చెప్పి ఆస్పత్రివాళ్లు చక్రాల కుర్చీలో ఇంటికి పంపేసిన ఆ మనిషి, ఒంట్లో ఇంకా తన మాట వింటున్న ఆ ఒక్క ఎడమ కనురెప్పనీ గట్టిగా మూసి, భార్య పరుగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర కూలబడి "ఏవండీ, చెక్కదేనా?" అని అడిగేదాకా తెరవలేదు.