మరిచిపోయిన తీసివేత

ప్రొఫెసర్ ఒట్టోకార్ గారికి రెండంటే ప్రాణం: గసగసాల కేకు, ఇతరుల తప్పులు. ఆ ఉదయం రెండూ ఒకేసారి బల్లమీదికి వచ్చాయి.

“రాసినవాళ్ళ పేరు లేదండీ. మీ అభిప్రాయం కావాలి,” అంటూ రోస్విత ఒక వ్యాసం ఆయన ముందు పెట్టింది.

గ్రాజ్ నగరంలోని ఆ కంప్యూటర్ చిప్పుల పరిశోధన సంస్థలో పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆయన సహాయకురాలు. ప్రమోషన్ అడిగినప్పుడల్లా “డిజైను నీవల్ల కాదులేమ్మా” అని ఆయన ఎంతో ఆప్యాయంగా చెప్పేవారు.

మొదటి పేజీ చూశారు. రెండోది తిప్పారు. మిగతా పదీ వదిలేశారు. అంతటివారికి రెండు పేజీలు చాలు.

“బ్యాంకు కార్డులో రహస్యం దాచాలంటే వందల అంకెల సంఖ్యల్ని గుణించాలి. ప్రతి గుణకారం చివరా, జవాబు హద్దు దాటితే ఒక తీసివేత చెయ్యాలి. అవునా? ఈ మహానుభావుడు దాన్నే మరిచిపోయాడు!”

“కావాలనే మానేశారేమోనండీ. తీసివేత ఒకసారి ఉండి ఒకసారి లేకపోతే, పట్టే సమయం మారుతుంది. దొంగలు ఆ తేడా పట్టుకునే రహస్యం లాగేస్తారు. చిప్పులో రెండు బిట్ల చోటు ఎక్కువిస్తే అసలు తీసివేతతో పనే ఉండదు...”

“కావాలని మరిచిపోవడమా? హోంవర్కు గురించి మా మనవడూ ఇదే అంటాడు!” పకపకా నవ్వారాయన. “రాసుకో. ‘ఈ పద్ధతి నేను కనీవినీ ఎరగను. రాసినవాడికి ఎక్కాలు కూడా రావు.’”

రాసుకుంది. “‘కనీవినీ ఎరగను’ ఉంచమంటారా?”

“కింద గీత కూడా గియ్యి.”

గీసింది. “తొందరేం లేదండీ. మూడో పేజీ కూడా ఒకసారి చూస్తే...”

“మూడో పేజీ చదివే ఓపిక నాకుంటే నీకు జీతం దేనికమ్మా?”

సంతకం పెట్టారు. తేదీ వేశారు. అడక్కుండానే ముద్ర కూడా కొట్టారు. కాగితం అందుకుని ఆమె రెండుసార్లు చదువుకుంది. రాసినవాడి మీద జాలి కాబోలు అనుకున్నారాయన. ఆడవాళ్ళ మనసు మెత్తన.

ఆమె దాన్ని కవర్లో పెట్టి అంటించింది.

“ఎవరికి?”

“డైరెక్టర్ల సంఘానికండీ.”

“ఈ చెత్తతో వాళ్ళకేం పని?” కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ అడిగారు.

“పంతొమ్మిదేళ్ళ కిందట మీ పేరుతో అచ్చయి, మీకీ కుర్చీ తెచ్చిపెట్టిన ఈ వ్యాసం రాసింది నేనేనంటే, వాళ్ళు రుజువేదీ అన్నారండీ,” అంది రోస్విత.