మూత ఎత్తినవాడు

ఎవరో మళ్ళీ మూత ఎత్తేశారు.

ఈనిడ్‌కి ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా మంచు కురిసింది. చలికాలానికి చామంతి దుబ్బులు దాచిన పెట్టెల్లో ఒకదాని అద్దపు మూత కింద ఇటుక పెట్టి, చలిగాలి దూరేలా వదిలేశారు ఎవరో పాపిష్టివాళ్ళు.

అవి మామూలు దుబ్బులు కావు. బొగ్గు గనిలో పనిచేసిన ఆమె భర్త విల్ఫ్, విత్తనం నుంచి పుట్టించిన రాగిరంగు చామంతి. ఇంగ్లండులోని డర్హమ్ గని ఊళ్ళలో ఎక్కడ పోటీ పెట్టినా మొదటి బహుమతి దానిదే. ఒక్క పిలకైనా ఎవరికీ ఇవ్వకుండా విల్ఫ్ కన్నుమూశాడు. ఈ చలికాలం దాటి ఆ దుబ్బులు పిలకలు వేస్తే సరి, లేకపోతే లోకంలో ఇక ఆ పువ్వు లేనట్టే.

"చామంతులు ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదమ్మా," అన్నాడు తోటల సంఘం పెద్ద కత్‌బర్ట్. "వసంతానికి పిలకలు కనబడకపోతే సంఘం మీ ఆయనకిచ్చిన మడి ఇంకొకరికి ఇచ్చేస్తాం."

"కనబడతాయి. పోటీకీ తెస్తా. అందాకా మీసాలు దువ్వుకుంటూ కూర్చోండి," అంది ఈనిడ్.

ఆ పంతంతోనే దుబ్బుల మీద గడ్డి కప్పింది. రోజూ నీళ్ళు పోసింది. మూతలు బిగించింది.

మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని మడి పక్కనున్న పాక వెనక నక్కింది.

ఒక ముసలాయన కుంటుకుంటూ వచ్చి, మూత మీద చెయ్యి వేశాడు. ఈనిడ్ పార తిరగేసి, కామతో భుజం మీద ఒక్కటిచ్చింది.

"దొరికావురా దొంగా! ఎవరు పంపారు నిన్ను? ఓడిపోయి ఏడ్చేవాళ్ళేనా?"

ముసలాయన భుజం రుద్దుకున్నాడు గానీ పారిపోలేదు.

"నీళ్ళు కూడా పోస్తున్నావు కదూ? ఇవి చలికి చావవమ్మా. ఊపిరాడక చస్తాయి."

"నీ పేరేంటి?"

"చెబితే ఇంకోటిస్తావు."

"చెప్పకపోయినా ఇస్తా!"

"ఇవ్వు. ఇచ్చాక మూత మాత్రం ఎత్తి ఉంచు."

ఈనిడ్‌కి ఆ మాటతో పంతం ఇంకా పెరిగింది.

"నీ మాట అబద్ధమని చూపిస్తా. ఇదిగో, ఈ ఒక్క పెట్టె నువ్వన్నట్టే వదిలేస్తా. మిగిలినవన్నీ నా ఇష్టం. వసంతంలో వచ్చి చూసి, లెంపలేసుకుని పో!"

"వస్తాలే," అని ముసలాయన కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

వసంతం వచ్చింది.

మూతలు బిగించిన పెట్టెల్లో దుబ్బులన్నీ బూజు పట్టి, ముట్టుకుంటే జావలా చేతికి వచ్చాయి. గాలికి వదిలిన ఒక్క పెట్టెలోనే పచ్చటి పిలకలు మట్టిని చీల్చుకుని లేచాయి.

ఈనిడ్ అక్కడే కూలబడి ఏడ్చింది. సిగ్గు ఎంతో, సంతోషమూ అంతే.

రోజూ దారి చూసింది. ముసలాయన రాలేదు.

నవంబరులో పోటీ జరిగింది. మగవాళ్ళ వ్యవహారమని అన్నాళ్ళూ ఆ హాలు గడప తొక్కని ఈనిడ్, పువ్వు పట్టుకుని తల ఎత్తుకుని లోపలికి నడిచింది.

మొదటి బహుమతి రాగిరంగు చామంతికే వచ్చింది. కత్‌బర్ట్ ముఖం గంటు పెట్టుకుని కప్పు అందించాడు.

ఈనిడ్ వేదిక దిగలేదు.

"ఒక కుంటి ముసలాయన నా దుబ్బులు కాపాడాడు. నేనేమో పార కామతో కొట్టాను. లెంపలు వేసుకోవాల్సింది నేనే. ఎవరాయన? మీలో ఎవరు పంపారు?"

వెనక వరసలో నల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ లేచింది.

"ఎవరూ పంపలేదమ్మా. తనే రెండు బస్సులు మారి వచ్చేవాడు. మార్చిలో పోయాడు."

ఆవిడ రాగిరంగు చామంతి వైపు చూసింది.

"ఆ మంచులో వెళ్ళొద్దని ఎంత పోరానో! 'అది బతికుంటేనే కదే, నేను దాన్ని ఓడించేది' అనేవాడు."

"ఎవరమ్మా మీ ఆయన?" అంది ఈనిడ్.

ఆవిడ చెప్పేలోపే కత్‌బర్ట్ టోపీ తీశాడు.

"ఎర్నీ స్టోకో," అన్నాడు. "మీ విల్ఫ్ పువ్వు చేతిలో ఏటా ఓడిపోయి, ఏటా రెండో బహుమతితో ఇంటికెళ్ళిన స్టోకో."