ఎర్ర తువ్వాల

ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే వేళకు లైన్ మీద జెండా పట్టే మనిషి రాలేదు.

దారిలో బండి పంక్చరయిందట.

పీఈటీ నరహరికి చెమటలు పట్టాయి. వారం రోజులు కాళ్లరిగేలా తిరిగి, కొల్లాపూర్ గ్రౌండ్ పక్కన వెదురు బొంగులు పాతి రెండు ఫోన్లు కట్టించాడు. వాటిలోంచి ఆట లైవ్‌లో ఊరూరా పోతుంది. అనుమానం వస్తే షామియానా కింది లాప్‌టాప్‌లో బొమ్మ ఆపి, గీత గీసి చూడొచ్చు. ఇంత హంగు చేసి జెండా దగ్గర దొరికిపోవడం ఆయనకు తలకొట్టేసినట్టయింది.

మైకు అందుకున్నాడు.

"ఆఫ్‌సైడ్ తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

జనంలోంచి ఒక ముసలాయన లేచాడు. పంచె, భుజాన ఎర్ర తువ్వాల. డెబ్బై ఏళ్లుంటాయి.

కొందరు కిసుక్కున నవ్వారు.

"ఆఫ్‌సైడ్ అంటే ఎరికేనా తాతా?"

"బంతి తన్నంగనె సూడాలె బిడ్డా. మన పిల్ల, గోలీని ఇడిసిపెడితె అవతల ఆఖరున ఉన్న పిల్లను దాటి ఉండొద్దు."

"ఏడ నేర్చుకున్నవ్?"

"ఇంట్ల పిల్ల నేర్పింది. ఫోను మగ్గం పక్కన వెట్టుకుని దేశదేశాల ఆట సూస్త. నేసెటోనికి ఒక సూపు అటిటు ఉరికె నాడె మీద ఉంటది, ఒక సూపు అంచు మీద ఉంటది. గిది గూడ గంతే."

"ఏ ఊరు?"

"గద్వాల దిక్కు."

నరహరి తటపటాయించాడు. అవతలి జట్టు ఆలంపూర్. అదీ గద్వాల దిక్కే.

కానీ వేరే దారి లేదు. జెండాకు బదులు ఆ తువ్వాలనే ఎత్తమన్నాడు.

అది చివరి మ్యాచ్. డ్రా అయినా చాలు, కొల్లాపూర్ అమ్మాయిలు మొట్టమొదటిసారి రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ పోతారు. పదేళ్లుగా నరహరి దాని కోసమే ఎదురుచూస్తున్నాడు.

ఆలంపూర్ ఒక గోల్ కొట్టింది.

ఇంకో మూడు నిమిషాలు ఉన్నాయనగా, తోటిపిల్ల ముందుకు తన్నిన బంతిని అందుకుని సింధూజ దూసుకెళ్లింది. కొల్లాపూర్ హాస్టల్లో ఉండి చదువుకుంటూ, రెండేళ్లలో జట్టుకు ప్రాణమైన పిల్ల. బంతి వలలో పడింది.

గ్రౌండంతా లేచి నిలబడింది. నరహరి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లైన్ మీద ఎర్ర తువ్వాల లేచింది.

నరహరి ఒక్క ఉరుకున ముసలాయన దగ్గరికి పోయాడు.

"నీ దిక్కోళ్లను గెలిపియ్యనీకె వచ్చినవా?"

"పిల్ల ముందట ఉన్నది బిడ్డా. జానెడు."

"గంత దూరంల నీకు జానెడు కనవడ్డదా?"

తువ్వాల లాక్కున్నాడు.

"నడువు. బయటికి నడువు."

అటునుంచి సింధూజ పరుగెత్తుకు రాబోయింది. ముసలాయన అరచెయ్యి చూపి ఆగమన్నాడు. పిల్ల ఉన్నచోటే నిలబడిపోయింది. పోట్లాటకు వస్తోందనుకున్నాడు నరహరి.

జనం నోటికొచ్చినట్టు తిడుతుంటే ముసలాయన తల దించకుండా నడిచి గేటు దాటిపోయాడు.

నరహరి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తోటిపిల్ల కాలు బంతికి తగిలిన చోట బొమ్మ ఆపి గీత గీశాడు. సింధూజ పాదం గీతకు అవతల ఉంది. నమ్మబుద్ధి కాక రెండో ఫోన్‌లోనూ చూశాడు.

జానెడే.

ఆఖరికి మైకు తీసుకున్నాడు.

"గోల్ లేదు. పెద్దాయన చెప్పిందే కరెక్ట్."

మిగిలిన మూడు నిమిషాల్లో ఇంకో గోల్ పడలేదు. కొల్లాపూర్ ఓడింది.

రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్, తాను కలిసి ఆరు నిమిషాల్లో తేల్చినదాన్ని ఆ కళ్లు రెప్పపాటులో తేల్చాయి. నరహరికి ఆ మనిషి కాళ్లు పట్టుకోవాలనిపించింది. తువ్వాల చేతబట్టుకుని గేటు బయటికి పరుగెత్తాడు.

"గా పెద్దాయనా? ఇప్పుడే బస్సెక్కిండు సార్" అన్నాడు చాయ్ బండి మల్లేష్.

నరహరి సిగ్గుతో కుంగిపోయి అక్కడే నిలబడ్డాడు.

వెనక ఎవరో వచ్చిన అలికిడైంది. సింధూజ. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గోల్ పోయిందని ఏడ్వకు బిడ్డా. ఆయన తన దిక్కోళ్ల కోసం చెయ్యలే. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. నేనే తప్పుగ అనుకున్న."

"గోల్ కోసం కాదు సార్."

సింధూజ చెయ్యి చాపింది.

"గా తువ్వాల ఇటియ్యుండ్రి. మా తాతది."