తెర లోపలి దోమ

"కదలకు!" అని అరిచింది స్వరూప.

మంచం మీద పడుకున్న లింగస్వామి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏందే?"

"తెర లోపట దోమ ఉంది. ఇప్పుడే జూసిన. నీ తల మీదికెల్లి పోయింది."

ఆరు రోజులుగా ఆమె భయపడుతున్నది దీనికే.

అది మన దేశం కాదు. ఆఫ్రికాలో, కొండల మీద ఒక చిన్న ఊరు. లింగస్వామిది మర్రిగూడ. బోరు బండి మీద పని. రెండేళ్లుగా ఆ దేశంలోనే బోర్లు వేస్తున్నాడు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు, పనివాళ్లకు వండిపెట్టే మనిషి కావాలంటే భార్యను కూడా వెంటబెట్టుకుని బయలుదేరాడు. షాద్‌నగర్‌లో స్వరూప తల్లిగారింట్లో పది రోజులుండి, అక్కణ్నుంచే వెళ్లి విమానం ఎక్కారు.

ఊరు చేరిన మూడో రోజు డాక్టరు వచ్చి లింగస్వామిని చూశాడు. వారం రోజుల పాటు లింగస్వామిని ఒక్క దోమ కూడా కుట్టకూడదని చెప్పాడు. ముఖ్యంగా పగటి దోమ. వాళ్లు దిగిన ఇంటివాళ్లకు కూడా వాళ్ల భాషలో అదే మాట చెప్పి వెళ్లాడు.

పగటి దోమంటే ఏమిటో స్వరూపకు ఒకరు చెప్పనక్కర్లేదు. రెండేళ్ల కింద ఆమె తమ్ముడు శివకృష్ణ డెంగీతో పోయాడు. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయాడు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు.

ఆ ఊళ్లో దోమతెరలు అమ్మరు. కాయిల్స్ దొరకవు. దొరికినా వెలిగించడానికి లేదు. వాళ్లుంటున్నది బాలింత ఉన్న ఇల్లు. పక్క గదిలో పదకొండు రోజుల పసిగుడ్డు.

స్వరూప తన పెట్టెలోంచి రెండు పల్చటి నూలు చీరలు తీసింది. కలిపి కుట్టి, మంచం చుట్టూ తెర కట్టింది. అంచులు పరుపు కిందికి దోపింది. మర్రిగూడ నుంచి అత్త ఈదమ్మ రోజూ ఫోన్ చేసేది.

"కొబ్బరి నూనెల జర వేప నూనె కలిపి రాస్తున్నవా బిడ్డా?"

"రాస్తున్న అత్తా. దినాం నాలుగుసార్లు."

"చెవుల ఎనుక, మడిమలకు గూడ రాయి. పొగ మాత్రం ఎయ్యకు, పసిగుడ్డున్న ఇల్లు. యాడ నీళ్లు నిలవకుండ చూడు. పైలం బిడ్డా."

ఇంటి ముసలామెకు స్వరూప మాట అర్థం కాదు. స్వరూపకు ఆమె మాట అర్థం కాదు. అయినా ఇద్దరిదీ ఒకటే ధ్యాస. ముసలామె పొద్దున్నే నిమ్మ వాసన వచ్చే గడ్డి కోసుకొచ్చి, నలిపి, గడప దగ్గరా కిటికీలోనూ పెట్టేది. ఇద్దరూ కలిసి పెరట్లో కుండలన్నీ బోర్లించారు. పాత టైరులో నీళ్లు పారబోశారు. స్వరూప ఆమెను అవ్వా అని పిలవసాగింది.

ఇంత చేసినా దోమ లోపలికి వచ్చింది. మధ్యాహ్నం అన్నం గిన్నె అందించేటప్పుడు తెర అంచు జారినట్టుంది.

"పండి పండి నడుము పట్కపోయింది. తెర జర లేపు, అదే బయటికి పోతది" అన్నాడు లింగస్వామి.

"లేపితె నా మీద ఒట్టే!"

ఆ కేక విని ముసలామె గుమ్మంలోకి వచ్చింది. స్వరూప ముఖం చూసింది. తెర చూసింది. తలుపు లాగి, బయట గొళ్లెం పెట్టింది.

స్వరూప కిటికీ మూసింది. తెర అంచు జానెడు ఎత్తి, పాములా లోపలికి దూరి, వెంటనే మళ్లీ దోపేసింది.

లోపల ఉక్క. తెర నిండా చిన్న చిన్న నల్ల చుక్కలు. నేత చీర మీద అందంగా ఉంటాయని మురిసి కొనుక్కున్న చుక్కలు. ఇప్పుడు ప్రతి చుక్కా దోమలాగే కనిపిస్తోంది.

"జీ" మంటూ చెవి పక్కనుంచి పోయింది. చేయి విసిరింది. అందలేదు.

"కుట్టింది" అన్నాడు లింగస్వామి, గొంతు తగ్గించి.

"యాడ?"

"మోచేతి కాడ. తాగి లేచిపోయింది."

స్వరూప ముఖం పాలిపోయింది. కానీ ఆగలేదు.

"నువ్వు కదలకు. ఊపిరి గూడ గట్టిగ ఇడువకు."

అతను కట్టెలా బిగుసుకుని పడుకున్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తెర మీద ఒక్కో చుక్కనూ వేలితో తాకుతూ పోయింది. ఒక వరస. రెండో వరస. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోలేదు. తల వైపు మూలలో ఒక చుక్క మిగతావాటికంటే లావుగా ఉంది. దాని కాళ్ల మీద తెల్లటి చారలున్నాయి.

ఫట్‌మని కొట్టింది.

అరచేతిలో ఎర్రటి నెత్తురు.

"సచ్చిందా?"

"సచ్చింది."

మరో దోమ లేదని నాలుగు మూలలూ చూసుకుంది. బయటికి దూరి, తెర అంచు గట్టిగా దోపి, తలుపు కొట్టింది.

"అవ్వా! అవ్వా!"

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. స్వరూప ఆ సందులోంచి అరచెయ్యి చాపింది. ముసలామె ఆ నెత్తుటి మరకను చాలాసేపు చూసింది. తర్వాత ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్లకద్దుకుని, గుమ్మంలోనే కూలబడి వలవలా ఏడ్చింది.

కుట్టకూడదన్న దోమ కుట్టనే కుట్టింది. అయినా స్వరూప కళ్లనీళ్లతో నవ్వుతోంది.

ఆ దోమ తెర దాటి ఉంటే, లింగస్వామి షాద్‌నగర్ నుంచి ఒంట్లో మోసుకొచ్చిన డెంగీ, ఆ జబ్బు పేరే ఎరగని ఆ ఊరికి అంటుకునేది.