పెన్సిల్ సారు

"సారూ, జర రెండు ఫీట్లు అవతలికి గీయి. నీ కాళ్ళు మొక్కుత!"

అమృతమ్మ చాయ్ గ్లాసు ముసలాయన చేతిలో పెట్టి మరీ బతిమాలింది.

మర్రిగూడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు దిగి, నల్లగొండలో ఆ రోడ్డు పక్కన నాలుగు రోజులుగా నిలబడుతున్నాడాయన. మెడ తిరగదు, మోకాళ్ళు వంగవు. కరెంటు స్తంభానికి వీపు ఆనించి, అట్ట మీద కాగితం పెట్టుకుని, డబ్బాల వాళ్ళ పేర్లు అడుగుతూ పెన్సిల్‌తో గబగబా గీస్తూనే ఉంటాడు.

రోడ్డు వెడల్పు చేస్తారని ఎర్ర మార్కులు పడ్డ బజారు అది. అక్కడ కాగితం, పెన్సిల్ పట్టుకుని నిలబడ్డవాడు కొలతల సారు కాక ఇంకెవరు? బజారంతా అదే అనుకుంది. ఒకరు చాయ్ పోస్తే ఇంకొకరు మిర్చీలు పెట్టారు.

"కుర్చీ ఎయ్యాల్నా సారూ?"

"కూసుంటే మళ్ళ లేవరాదు బిడ్డా."

"గంత తొందరేంది? నిమ్మళంగ గీయరాదు?"

"జాగు జేస్తే గీయనీకి ఏం మిగలదు."

ఆ మాటకు అమృతమ్మ తన కొట్టు వైపు చూసుకుంది. భర్త మైసయ్య పోయాక ఆమెకు మిగిలింది ఆ రేకుల చాయ్ డబ్బా ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా అదే అన్నం పెడుతోంది.

అయిదో రోజు, పక్కన సైకిళ్ళు బాగుచేసే వెంకటేశ్ పరుగున వచ్చాడు.

"అక్కా, మున్సిపల్ ఆఫీసుల అడిగొచ్చిన. గీ ముసలాయన ఎవరో ఆళ్ళకే ఎరుక లేదట!"

"మరి గిన్నొద్దుల సంది ఏం గీస్తాండు?"

"ఉత్తగ బొమ్మలు!"

అమృతమ్మ ఒళ్ళు మండిపోయింది.

"సారని చాయ్ పోస్తిని. మా బతుకులు కూలుతాంటే నువ్వు బొమ్మలేసుకుంటున్నవా?"

ఆయన చేతిలో కాగితం లాక్కుంది. పొయ్యిలో పెట్టింది.

ముసలాయన ఆ మంట వైపు చూశాడు. మిగిలిన చాయ్ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.

"పోయొస్త బిడ్డా."

అంతే. మళ్ళీ రాలేదు.

నెల తిరగకముందే డబ్బాలన్నీ లేపేశారు. డబ్బా పోయినవాళ్ళకు కొత్త మార్కెట్లో జాగా ఇస్తామన్నారు. పేర్లు రాసుకున్న రోజు అమృతమ్మ జ్వరంతో కట్టంగూర్‌లో చెల్లెలింట్లో పడి ఉంది. లిస్టులో పేరు పడలేదు. డబ్బా ఉండేదని రుజువు తెమ్మన్నారు. ఫోన్లలో ఫోటోలున్నవాళ్ళు చూపించారు. ఈమె ఏం చూపిస్తుంది?

మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగింది. చెప్పులు అరిగాయి. ఓపికా అరిగింది. ఇక రానని చెప్పి పోదామనే ఆ రోజు మెట్లెక్కింది.

"రుజువు దొరకలే బిడ్డా. ఇడిసిపెడుతున్న."

"ఆగు అమృతమ్మా!" పేర్లు రాసే ప్రణీత లేచి నిలబడింది. "నీకు పదకొండో నంబరు జాగా వచ్చిందమ్మా!"

అని బీరువాలోంచి పొడవాటి కాగితం తీసి బల్ల మీద పరిచింది.

పెన్సిల్ బొమ్మ. పాత బజారంతా వరుసగా ఉంది. ఒక్కో డబ్బా కింద ఒక్కో పేరు.

"మా సారు దీన్ని పట్టుకొని అందర్నీ అడిగిండు. ఒక్క తప్పు లేదు."

అమృతమ్మ తన డబ్బా మీద వేలు పెట్టింది. అదే వంగిన రేకు. మైసయ్య మేకులు కొట్టి చేసిన అదే బల్ల. బల్ల వెనకాల తాను, నవ్వుతూ గ్లాసు అందిస్తోంది.

"ఇది నేను పొయ్యిల పెట్టిన కద!"

"మళ్ళ గీసిండట, మంచంల పండుకొని."

"ఆయన ఏడుంటడు బిడ్డా? ఒక్క చాయ్ పోసొస్త."

"పోయిన నెలనే చచ్చిపోయిండమ్మా. పేరు లచ్చయ్య, ఎన్కట బోర్డులు రాసేటోడట. ఆయన బిడ్డ వచ్చి ఇచ్చిపోయింది."

"మా కోసం ఆయనకెందుకమ్మా గింత కష్టం?"

ప్రణీత కాగితాన్ని మెల్లగా మడిచింది.

"ఇరవై ఏండ్ల కింద రోడ్డు పెంచినప్పుడు ఆయన దుకాణం పోయిందట, రుజువు లేదని ఇంకో జాగా ఇయ్యలేదట... రోడ్డుకు పోంగ మిగిలిన ఆ దుకాణం జాగలనేనమ్మా నీ డబ్బా ఉండె."